ఎడారి సాంబ్రాణి

మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా సాంబ్రాణి పొగ లేదు. దోమలున్నాయి, బల్లులున్నాయి, వానాకాలంలో గోడలకి చెమ్మ ఉంది, నేనున్నాను. సాంబ్రాణి మాత్రం లేదు. ఈ సంగతి చుట్టాలందరికీ తెలుసు. శుభకార్యానికి పిలిచేటప్పుడు, "పొగ పెట్టేముందు చెప్తాంలే, నువ్వు కాసేపు వీధిలో నిలబడుదువుగాని" అని ముందే హామీ ఇచ్చి మరీ పిలుస్తారు.

దీనికి కారణం హేతువాద సిద్ధాంతమని సభల్లో చెప్పేదాన్ని. అసలు కారణం మా అమ్మ. అమ్మకి ఉబ్బసం. ఆయాసం వచ్చినప్పుడల్లా అది దిష్టి అని ఇంటి పెద్దలు తేల్చి, తలుపులు మూసి సాంబ్రాణి వేసేవారు. పొగకి ఆయాసం పెరిగేది. పెరిగిందంటే దిష్టి గట్టిదన్నమాట అని మరో గుప్పెడు వేసేవారు. ఇలాంటి వాదాన్ని తర్కంలో ఏమంటారో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా పరుగెత్తుకెళ్ళి కిటికీ తీయడం, తీసినందుకు వీపు మీద ఒకటి తినడం.

తర్కం నేర్పింది విజయనగరంలో ఒక ముసలి మాష్టారు. నేను అక్కడ చదువుకునే రోజుల్లో ఆదివారాలు తన పెంకుటింటి అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి వాదనకు దింపేవారు. జాతకాలు, కులం, వితంతు వివాహం, ఏదైనా సరే. మా కేకలకి పక్కింటివాళ్ళు రెండుసార్లు పంచాయితీ పెట్టారు. ఆయన దగ్గర రెండే నియమాలు. కాగితం మధ్య నిలువుగా ఒక గీత గీయాలి. గీతకి ఎడమ పక్కన చూసింది రాయాలి, కుడి పక్కన అనుకున్నది రాయాలి. ఒక పక్కది రెండో పక్కకి వెళ్ళిందా, చెవి మెలితిప్పేవారు. ఇక రెండోది, వాదంలో ఓడినవాళ్ళు లేచి నిలబడి, అందరికీ వినపడేలా "ఓడాను" అనాలి. కూర్చుని గొణిగితే చెల్లదు.

ఆ అరుగు మీద నేను ఎనిమిదిసార్లు లేచాను. తొమ్మిదోసారి లేవాల్సిన అవసరం రాకుండానే నలభై ఏళ్ళు గడిచాయి. ఓడించేవాళ్ళు లేక, అని నేను అంటాను. నాతో మాట్లాడే ధైర్యం ఉన్నవాళ్ళు లేక, అని మా బావ అంటాడు.

బావంటే మా అక్క మొగుడు. శ్రీముఖలింగం దగ్గర వరి పండించే కుటుంబం. పొలాలు కౌలుకిచ్చి, ఇప్పుడు శ్రీకాకుళంలో మాకు రెండు వీధుల అవతల ఉంటున్నాడు. ఏకాదశి వచ్చిందంటే శ్రీకూర్మం వెళ్ళాల్సిందే. మంచివాడు. అతని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, తెల్లవారి లేస్తూనే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ పెడతాడు. గడపకి పసుపు రాయడంలో సైన్సు. ముగ్గులో సైన్సు. తుమ్మాక కాసేపు కూర్చోవడంలో సైన్సు. మన పూర్వీకులు ఒక్క పని కూడా ఊరికే చేయలేదట, ఆవులించినా అందులో ఒక రహస్యం ఉందట. వాటికి నేను ఓపిగ్గా సమాధానాలు రాసేదాన్ని. చదివేది బావ ఒక్కడే అని నాకూ తెలుసు.

పోయిన వేసవిలో నాకు మోకాలు వాచింది. డాక్టరు గడప దాటొద్దన్నాడు. వరండాలో కుర్చీ వేసుకుని, కాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని, ఫోను పట్టుకు కూర్చున్నాను. ఆ పూట బావ మెసేజీ, చెప్పులు బయట విడిచి ఇంట్లోకి వెళ్ళే జాతి భూమ్మీద మనదొక్కటే అని. ఇది పచ్చి అబద్ధమని నాకు తెలుసు, కానీ రుజువు కావాలి. వెతుకుతూ వెతుకుతూ ఒమాన్ దేశంలో తేలాను.

ఎవరో ఒకాయన ఆ దేశమంతా తిరుగుతూ రోజూ ఫోటోలు పెడుతున్నాడు. కింద ఊరి పేరు తప్ప ఇంకొక్క మాట రాయడు. అందులో ఒకటి, చెక్కుడు పని చేసిన పెద్ద తలుపు, తలుపు ముందు పదకొండు జతల చెప్పులు. గ్రూపులో పెట్టేశాను. నిమిషంలో బావ సమాధానం, "అవి మనోళ్ళవే అయ్యుంటాయి మరదలా. అక్కడ పనులు సేసీది మనోళ్ళే కదా."

మెసేజీలో కూడా బావ మాట్లాడినట్టే రాస్తాడు.

అతన్ని ఓడించడానికి మరో ఫోటో వెతికాను. దాని పక్కన ఇంకోటి. మూడో రోజుకి బావని మర్చిపోయాను. నేను పాతికేళ్ళు సోషల్ పాఠం చెప్పాను. ఎడారి అనగానే పిల్లలకి ఒంటె బొమ్మ, ఖర్జూరం చెట్టు బొమ్మ, ఇసుకకి బదులు చుక్కలు వేయించాను. ఇంతమంది మనుషులు అక్కడ పొద్దున్నే లేచి పళ్ళు తోముకుంటారని ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడు చూస్తుంటే మేడల మీద నీళ్ళ ట్యాంకులు, తీగల మీద ఆరేసిన తెల్లని పొడుగు అంగీలు, ఆ అంగీలకి మెడ దగ్గర వేలాడే చిన్న కుచ్చు. క్షౌరశాలలో గడ్డానికి నురగ పూసుకుని నవ్వుతున్న ముసలాయన. కారు ముందు సీట్లో దర్జాగా కూర్చున్న మేక. మేకల సంత కూడా ఉంది. నేను ఉద్యోగం చేసిన శృంగవరపుకోట వైపు సంతల్లో పశువులు నిలబడి ఉంటాయి, కొనేవాళ్ళు చుట్టూ తిరుగుతారు. అక్కడ కొనేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటే, అమ్మేవాళ్ళు మేకల్ని పట్టుకుని వాళ్ళ ముందు తిరుగుతున్నారు. ఎంత మర్యాద!

నోటు పుస్తకం తెచ్చుకున్నాను. మాష్టారిని తలుచుకుని మధ్యలో గీత గీశాను. ఎడమ పక్కన, పొలం కాలువ దగ్గర పాతిన కర్ర, నేల మీద గుర్తులుగా రాళ్ళు. కుడి పక్కన, కర్ర నీడని బట్టి ఎవరి వంతు నీళ్ళు ఎంతసేపో తేలుస్తారేమో. తర్వాత వెతికి చూస్తే నిజమే. ఆ రోజు నా అంతటిది లేదనిపించింది. నన్ను చెడగొట్టింది ఆ గెలుపే.

ఆ తర్వాత ఏ ఫోటో చూసినా కారణం దానంతటదే తోచేది. మెడ దగ్గర కుచ్చు చెమట తుడుచుకోవడానికి. కాఫీ కప్పులు పిడికిలిలో దాగిపోయేంత చిన్నవి, ఎందుకంటే నీటి పొదుపు. సముద్రపొడ్డున వెండి దుప్పటి పరిచినట్టు ఎండబెట్టిన కవళ్ళ చేపలు, ఎందుకంటే కూరగాయలు పండని చోట ఎండుచేపే ఆధారం. ఒక ఫోటోలో చుట్టాలు గుమ్మం దగ్గర నిలబడి ఉంటే ఇంటావిడ పొగలు కక్కే చిన్న మట్టి కుంపటి వాళ్ళ ముందు పట్టుకుంది. దాని కింద "స్వాగత ధూపం" అని రాశాను. ఎంత బాగా రాశానో! రోజుకొక ఫోటో, దాని కారణంతో సహా గ్రూపులో పెట్టేదాన్ని. జనం చదవడం మొదలుపెట్టారు. మా అక్క కూడా చదివిందంటే చూడండి. నోటు పుస్తకంలో గీత గీయడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

రోజూ పొద్దున్న తొమ్మిదింటికి కళింగపట్నం వైపు నుంచి ఒకామె చేపల గంప తెస్తుంది. యాభై దాటిన మనిషి. పదేళ్ళుగా మా ఇంటికి చేపలు తెచ్చేది ఆమే. నాకు మోకాలు బాగులేదని వరండా మెట్టు మీదే కూర్చుని చేప కోసి, కడిగి ఇచ్చేది. కోస్తూ నా ఫోనులోకి తొంగి చూసేది.

"పంతులమ్మా, ఆ కుచ్చు..."

"ఉండమ్మా, రాసుకుంటున్నాను."

రెండు రోజులాగి మళ్ళీ, "పంతులమ్మా, ఆ కవళ్ళు ఎవుల కోసమంటే..."

"ఉండమ్మా. ఆలోచన తెగిపోతుంది."

ఆమె నవ్వుకుని మొప్పలు తీసుకునేది. నేను ఆలోచన తెగకుండా కాపాడుకునేదాన్ని.

ఇలా ఉండగా ఒక రోజు, కర్రలతో గోపురంలా కట్టిన చిన్న చట్రం ఒకటి, దాని మీద పరిచిన బట్టలు, కింద సాంబ్రాణి కుంపటి ఉన్న ఫోటో కనపడింది. ఒమాన్ సాంబ్రాణి పుట్టే దేశం, దాన్ని తప్పించుకుని ఆ దేశాన్ని చూడటం కుదరదు. ముప్ఫై ఏళ్ళ శత్రువు ఎదురైతే ఏం చేయాలి? నేను కారణం వెతికాను. నీళ్ళు తక్కువ కాబట్టి ఉతకడం అరుదు, కాబట్టి బట్టల్లో పురుగులూ క్రిములూ చేరకుండా పొగ. శుభ్రమైన హేతువు! గ్రూపులో పెట్టేశాను.

ఆ సాయంత్రం బావ స్వయంగా వచ్చాడు. చేతికర్ర గోడకి ఆనించి, ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"ఏటి మరదలా, ఎడారిలో కాపురం ఎలాగున్నాది?"

"బాగానే ఉంది బావా. అక్కడ మెసేజీలు రావు."

"వస్తాయి, వస్తాయి. ఒక్క మాట సెప్పు. ఆళ్ళు పొగేస్తే హేతువూ, నేనేస్తే మూఢనమ్మకమూనా? ఇదెక్కడి నాయం?"

"వాళ్ళ అవసరం వేరు బావా. ఎడారి. నీళ్ళుండవు. నీకు వంశధార ఉంది, నాగావళి ఉంది, కుళాయి ఉంది."

"రెండు పొగలూ ఒకటేనే."

"కాదు."

"సెప్పీసేవా? మాట మీద ఉంటావా?"

"ఎప్పుడు తప్పాను?"

"అయితే కాగితం తే. ఆదివారం పఠన మందిరంలో తేల్చీసుకుందాం. నువ్వోడితే ఈ ఇంట్లో, నీ సేత్తో, గది గదికీ సాంబ్రాణి ఎయ్యాలి. నేను కుర్సీ ఏసుకుని సూస్తాను."

ఇంత పెద్ద పందెం అడుగుతాడనుకోలేదు. కానీ నేను వెనక్కి తగ్గడం నలభై ఏళ్ళుగా ఎవరూ చూడలేదు. "నువ్వోడితే?"

"ఆర్నెల్లు గ్రూపులో ఒక్క మెసేజీ పెట్టను."

పందెం సంగతి తెలిసి అక్క ఫోను చేసింది. "ఒసే, ఈ ఒక్కసారికి నువ్వు గెలవే. తెల్లారగట్ట ఆ ఫోను టింగుమనకుండా ఆర్నెల్లు పడుకుంటాను. నీకు పుణ్యముంటాది." పుణ్యం మీద నాకు నమ్మకం లేదన్నాను. "నాకున్నాదే, గెలువు" అంది.

కాగితం మీద అంశం ఇలా రాసుకున్నాం. "ఎడారి దేశంలో సాంబ్రాణి వేయడానికీ, మన ఇళ్ళలో వేయడానికీ కారణం ఒకటే." అవునన్నది బావ. కాదన్నది నేను. ఇద్దరం సంతకాలు పెట్టాం.

మా వీధి చివర పఠన మందిరంలో ఆదివారాలు పది పదిహేను మంది రిటైరైనవాళ్ళం కలుస్తాం. అధ్యక్షుడు ఒక పాత హెడ్మాస్టరు. చెవిలో మిషను పెట్టుకుంటారు, నచ్చని ప్రసంగం మొదలవగానే దాన్ని ఆపేస్తారు. నేను మాట్లాడినంతసేపూ ఆపలేదు. దాన్ని నా మొదటి విజయంగా లెక్కేసుకున్నాను.

ఆ రోజు బాగా మాట్లాడాను. వాచిన మోకాలితో, బల్ల అంచు పట్టుకుని పావుగంట మాట్లాడాను. ప్రింటు వేయించి తీసుకెళ్ళిన ఫోటోలు ఒక్కొక్కటే చూపించాను. నీటి కరువు చెప్పాను. పురుగులు చెప్పాను. "వాళ్ళ ఆచారాన్ని వాళ్ళ ఎడారి కన్నది. మన ఆచారాన్ని ఏది కన్నదో అడిగితే మనకి తెలియదు. వాళ్ళు కారణంతో బతుకుతున్నారు, మనం కారణం చచ్చిపోయాక దాని శవాన్ని మోస్తున్నాం" అన్నాను. చప్పట్లు కొట్టారు. మా మాష్టారు ఉంటే ఈ మాటకి మెచ్చుకునేవారనుకున్నాను. చెవి మెలితిప్పేవారని ఆ క్షణంలో తోచలేదు.

బావ లేచాడు. "నాకు ఇంత భాష రాదు. నేను సాక్షిని తెచ్చేను" అని గుమ్మం వైపు తిరిగి, "రామ్మా, లోపలికి రా" అన్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఖాళీ గంప వాటి పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది మా చేపలావిడ.

"ఏమ్మా, నువ్వు ఆరేళ్ళు ఎక్కడున్నావు?" అన్నాడు బావ.

"మస్కట్టులోనండి. ఒమానోళ్ళ దేశం. ఒక ముసలామె ఇంట్లో వంటకీ, ఇంటిపనికీ."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. నా చేతిలో ఫోటోలు బరువెక్కాయి. పదేళ్ళుగా మా మెట్టు మీద కూర్చుని చేప కోస్తున్న మనిషి. నేను నాలుగు నెలలుగా ఫోనులోకి కళ్ళు పొడుచుకుని చూస్తున్న దేశంలో ఆరేళ్ళు ఉండి వచ్చిన మనిషి. బావకి ఎలా తెలుసు? చాలా సులువుగా. చేప బేరమాడుతూ, కుశలం అడుగుతూ, ఎప్పుడో అడిగాడట. అతనికి మనుషులతో ఊసుపోక మాట్లాడే జబ్బు ఉంది. నాకు లేదు.

అయినా నేను వాదం నేర్చినదాన్ని. సాక్షిని ప్రశ్నించే హక్కు నాది. "సరే, చెప్పమ్మా. ఆ ఇంట్లో బట్టలకి పొగ ఎందుకు పట్టేవారు?"

"వాసన కోసమండి."

"అది సరే. నీళ్ళు తక్కువ కాబట్టి, ఉతకడం కుదరక..."

"నీళ్ళు తక్కువేటి పంతులమ్మా? ఆ ఇంట్లో వాషింగు మిసన్లే రెండున్నాయి. ఉతికి, ఇస్తిరీ సేసి, అప్పుడు పొగేసీవోళ్ళం."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"మరి దోమలు?"

"ఏసీ ఇంట్లో దోమలేటమ్మా?"

"సూక్ష్మక్రిములు?"

"అవేటో నాకు తెల్దు. పసిబిడ్డలొచ్చినప్పుడు ముసలామె దిష్టికని తిప్పమనీది. మా అమ్మా అలాగే తిప్పీది. మిగతా రోజులంటారా, ఇల్లు గుమగుమలాడతాదని."

బావ రెండు చేతులూ చాచాడు. "రెండూ ఒకటేనని నేననలేదేటి?"

"ఒక్క నిమిషం. నువ్వు దాన్ని సైన్సంటావు బావా. ఆమె ఎక్కడా సైన్సనలేదు!"

"కాగితం మీద సైన్సని ఉన్నాదేటి? ఒకటేనని ఉన్నాది."

అధ్యక్షుడు కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని, బిగ్గరగా చదివారు. కారణం ఒకటే. సంతకాలు ఇద్దరివీ ఉన్నాయి. నేను రాయించిన వాక్యమే అది, కామా కూడా నాదే.

నిజంగా నన్ను కూలదోసింది అది కాదు. ఓటమి తప్పదని తెలిసి, ఉక్రోషంతో ఆమె వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ రోజూ మా ఇంటికి వస్తున్నావు కదా, ఒక్క మాట నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోయింది. "సెప్పబోయేను గదమ్మా. ఆ కుచ్చు సెమటకి కాదు, అత్తరు రాసుకోడానికని సెప్పబోయేను. ఆ కవళ్ళు ఒంటెలకీ ఆవులకీ ఏస్తారని సెప్పబోయేను. మీరు 'ఉండమ్మా, రాసుకుంటున్నాను' అనీసేవోరు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

కుల గర్వం మీద, చదువుకున్నవాళ్ళ అహంకారం మీద నేను రాసిన వ్యాసాలు ఒక పెట్టెడు ఉన్నాయి. బావ మెసేజీలని వెక్కిరించింది ఎందుకు? ఆచారం ముందు, కారణం తర్వాత అల్లుతున్నాడని. నేను చేసింది అచ్చంగా అదే. అతను తన పూర్వీకులకి అల్లాడు, నేను పరాయివాళ్ళ పూర్వీకులకి అల్లాను. అక్కడి మనుషులు కూడా వాసన బాగుందనో, బిడ్డకి దిష్టి తగులుతుందనో, ఊరికే ముచ్చటకో ఒక పని చేస్తారంటే నాకు ఎందుకో ఒప్పుకోబుద్ధి కాలేదు. పైగా ప్రత్యక్ష సాక్షి మెట్టు మీద కూర్చుని నోరు తెరిస్తే మూయించాను.

బల్ల పట్టుకుని లేచాను. మోకాలు కలుక్కుమంది. "ఓడాను" అన్నాను. అధ్యక్షుడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నారు?" అన్నారు. మిషను ఆగిపోయిందో, కావాలనే అడిగారో ఇప్పటికీ తెలియదు. మళ్ళీ, ఇంకా గట్టిగా, "ఓడాను!" అన్నాను. నా ఓటముల లెక్క తొమ్మిది కాస్తా పది అయినట్టనిపించింది.

బయట మెట్ల దగ్గర బావ నా చెయ్యి పట్టుకుని దింపాడు. గొంతు తగ్గించి, "ఆ సాంబ్రాణి సంగతి ఒగ్గీ మరదలా. నీ సేత పొగ పట్టిస్తానేటి? అత్త ఎలా ఎగపోసీదో నేను సూళ్ళేదా?" అన్నాడు. అత్తంటే మా అమ్మ. ఆవిడ ఆయాసం ఆఖరి రోజుల్లో చూసినవాడు అతను.

ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి. అందుకే మరింత కోపం వచ్చింది. "పందెం పందెమే. శుక్రవారం సాయంత్రం ఐదింటికి రా. కుర్చీ వేసి ఉంచుతాను."

మర్నాడు చేపలావిడ వచ్చేసరికి వరండాలో రెండో కుర్చీ వేసి ఉంచాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. "సేప ఎవులు కోస్తారమ్మా?" అంది. తర్వాత కొయ్యి, ముందు కూర్చో అన్నాను. నోటు పుస్తకం తెరిచి, కొత్త పేజీ మధ్యలో గీత గీశాను. ఫోను ఆమె చేతికి ఇచ్చాను.

కోటలు, ఇసుక దిబ్బలు, సూర్యాస్తమయాలు ఆమెకి అక్కర్లేదు. వేలితో చకచకా తోసేసింది. మేడ మీద నీళ్ళ ట్యాంకు, బట్టల తీగ ఉన్న ఫోటో దగ్గర ఆగింది. "ఇలాటి మేడ మీదే బట్టలారేసీదాన్ని. పిట్టగోడ మీంచి సముద్రం కనపడీది. ఇదీ మన సముద్రమే, కాపోతే కొంచెం అవతలుంది, అనుకునీదాన్ని." చిన్న కాఫీ కప్పుల దగ్గర గట్టిగా నవ్వింది. ఆ కప్పు చాలంటే నోటితో చెప్పరట, అటూ ఇటూ ఊపుతారట. ఊపేదాకా పోస్తూనే ఉండాలట. "మొదటి దినం ఒకాయన ఊపితే, కప్పు బాగునేదేమో అనుకుని ఇంకో కప్పు తెచ్చి పోసేను!" నీటి పొదుపు అన్న నా సిద్ధాంతాన్ని కొట్టేశాను. ఫోటోలో కప్పు కనపడుతుంది. ఊపు కనపడదు కదా.

తర్వాత "స్వాగత ధూపం" వచ్చింది. నేను రాసింది చదివి వినిపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రమ్మనడానికి కాదు పంతులమ్మా. ఎల్లిరండని. సుట్టాలు తిని, తాగి, మాటలైపోయేక కుంపటి తెచ్చి ముందట పెడితే, ఇంక లెగమని. ఎవులూ ఏటీ అనరు. గడ్డాలకీ గుడ్డలకీ పొగ పట్టించుకుని, సక్కగా లెగిసి ఎల్లిపోతారు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "శుక్రవారం సాయంత్రం నీకు తీరిక ఉంటుందా?" అన్నాను.

శుక్రవారం బావ ఇస్తిరీ పంచె కట్టుకుని వచ్చాడు. వస్తే రెండు గంటలు కూర్చోవడం అతని అలవాటు. గుమ్మానికి ఎదురుగా, అన్నీ కనపడే చోట కుర్చీ వేశాను. చేపలావిడ వంటింట్లో నిప్పులు రాజేసి, మా అక్క పంపిన సాంబ్రాణి వేసింది. ఇంట్లో ఉన్న కిటికీలన్నీ అప్పటికే తీసి ఉంచాను. దొడ్డి తలుపు కూడా.

కుంపటి పట్టుకుని నడిచాను. ముందు గదిలో, పడక గదిలో, పుస్తకాల గదిలో. ఇది మా అమ్మ ఉన్న ఇల్లు కాదు. అయినా ఆ వాసన ముక్కుకి తగలగానే నా రెండో చెయ్యి దానంతటది కిటికీ కోసం పోయింది. తీసే ఉంది. గాలి వస్తోంది. పొగ నా మీదుగా వెళ్ళి, పక్కవాళ్ళ జామచెట్టు వైపు పోయింది. ఇంతే కదా, అనుకున్నాను. తలుపు మూయకపోతే ఇది ఇంతే. వాసన బాగానే ఉందని కూడా అనిపించింది. ఈ మాట బావకి చెప్పలేదు, ఇక్కడే చెప్తున్నాను.

బావ అప్పుడే కాఫీ రెండు గుక్కలు తాగాడు. కథ ఏదో మొదలుపెట్టబోతున్నాడు. తిన్నగా వెళ్ళి కుంపటి అతని ముందు పట్టుకున్నాను.

"అబ్బ! ముప్పయ్యేళ్ళకి ఈ ఇంటికి కళొచ్చింది" అని రెండు చేతులతో పొగని మొహానికి అద్దుకున్నాడు. వంటింటి గుమ్మంలో చేపలావిడ భళ్ళున నవ్వింది.

"ఏటమ్మా నవ్వుతున్నావు?"

"ఏటీ నేదు బాబూ. గడ్డానికి కూడా పట్టించుకోండి."

"పూర్తి ఒమాన్ పద్ధతి బావా" అని, ఆ పద్ధతికి అర్థమేమిటో చెప్పాను.

బావ నన్ను చూశాడు. కుంపటిని చూశాడు. సగం తాగిన కాఫీని చూశాడు. "అంటే... ఎల్లిపొమ్మనా?"

"చాలా మర్యాదగా."

అతను మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగి, చేతికర్ర అందుకుని లేచి నిలబడ్డాడు. లేచి నిలబడినవాళ్ళు ఏమనాలో మా మాష్టారి నియమం గుర్తు చేశాను. "అననంటే అనను. నేను పొగకి లెగిసేను" అని, నవ్వాపుకుంటూ వీధిలోకి నడిచాడు. సందు మలుపు తిరిగేదాకా అతని భుజాలు కదులుతూనే ఉన్నాయి.

మర్నాడు తెల్లవారుజామునే ఫోను టింగుమంది. బావ మెసేజీ. అతిథికి ధూపమిచ్చి సాగనంపడం మన పూర్వీకుల గొప్ప సంప్రదాయమట. అందులో చాలా సైన్సు ఉందట.

తొమ్మిదింటికి చేపలావిడ వచ్చేసరికి నేను నోటు పుస్తకం తెరిచి, గీతకి ఎడమ పక్కన "బావ మెసేజీ" అని రాసి, కుడి పక్క ఏం రాయాలో తోచక కూర్చున్నాను. "ఇదిగో, ఇది విను, దీనికి ఏం సమాధానం రాద్దామంటావు?" అని ఫోను ఆమె వైపు తిప్పాను.

ఆమె తలెత్తలేదు.

"ఉండండమ్మా. సేప కోస్తన్నాను."